వాక్యాన్ని తిప్పి రాయడం అలంకారమా, దోషమా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. వానరాత్రి ఇమ్లీబన్ బస్టాండులో, ఊరి నుంచి రావలసిన తండ్రి కోసం ఎదురుచూసే అమ్మాయి కథ రాశారు. దాన్ని ఇలా మొదలుపెట్టారు: "కురుస్తోంది వాన. తడుస్తోంది నగరం. ఆగాయి బస్సులు. మిగిలాను నేను." పత్రికవారు "వాక్యాలు తలకిందులుగా ఉన్నాయి, సరిచేసి పంపండి" అని తిప్పి పంపారు. ఇంగ్లీషులో అలంకారంగా చెప్పుకునేది తెలుగులో దోషం ఎలా అయింది, దీనికి మనకంటూ ఒక పేరుందా అని అడిగారు.

ముప్పై ఏళ్లు ఈ నగరంలోనే పత్రికల డెస్కుల మీద ఇతరుల వాక్యాలు దిద్దుతూ గడిపాను. ఇప్పుడు చిక్కడపల్లిలో ఆదివారాలు కొంతమంది పిల్లలకు పద్యం చదవడం నేర్పుతున్నాను. ఈ రెండు పనుల్లోనూ రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. మాటల సహజమైన వరసను దాటి రాయడాన్ని గ్రీకులు హైపర్‌బటన్ అన్నారు. రెండు మాటలను మాత్రం వెనక్కి ముందుకి తిప్పితే అనాస్ట్రఫీ అన్నారు. 1వ శతాబ్దిలో రోమునగరంలో వక్తృత్వం బోధించిన క్వింటిలియన్ ఈ రెంటినీ చర్చించాడు. ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలకు ఈ పేర్లు అక్కడి నుంచే వచ్చాయి. మన ఆలంకారికుల జాబితాల్లో దీనికి ప్రత్యేకంగా ఒక అలంకారం లేదు. బడిలో చదువుకున్న క్రమాలంకారం గుర్తొస్తుందేమో, అది వేరు. ముందు చెప్పిన వస్తువులతో వెనక చెప్పిన వాటిని అదే వరసలో జతపరచడం అది. వాక్యంలో క్రియ ఎక్కడ ఉందన్నదానితో దానికి సంబంధం లేదు.

మనవాళ్లకు అలాంటి అలంకారం ఎందుకు లేదంటే, సంస్కృతంలో ఏ మాట ఎక్కడున్నా విభక్తి దాని పని చెప్పేస్తుంది. "రామః" అన్న పదం వాక్యం మొదట్లో ఉన్నా చివర ఉన్నా కర్తే. వరస మారడమే ఒక విశేషం కానప్పుడు దానికి అలంకారమని పేరు పెట్టవలసిన అవసరం వారికి కలగలేదు. వారు పట్టించుకున్నది అన్వయాన్ని. వాక్యం అర్థం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ కావాలన్నారు. ఒక మాట మరొకదాన్ని కోరుకోవాలి, రెండూ ఒకదానికొకటి పొసగాలి, దగ్గరగా ఉండాలి. ఆ దగ్గరతనం చెడితే దూరాన్వయం, అది దోషం. మన మెదక్ దగ్గరి కొలిచాలకు చెందిన మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాస్తూ, అంతా అన్వయముఖంగానే వివరిస్తానని మొదట్లోనే ప్రతిజ్ఞ చేశాడు. కవి చెదరగొట్టిన మాటలను తిరిగి వరసలో పెట్టి చూపడం ఎంత గొప్ప పనో ఆ ఒక్క మాటతో తెలుస్తుంది.

అంటే మీ పత్రికవారు పాత సంప్రదాయంలోనే మాట్లాడారు. అయినా మీరు చేసినదంతా తప్పని నేను అనను. తెలుగులో వాక్యం తిరగడం రోజూ జరుగుతుంది, అందంగా జరుగుతుంది. అది ఎప్పుడు తిరుగుతుందో మీరు గమనించలేదు, అంతే.

మా వీధిలోకి కూరగాయల బండి వస్తుంది. సంవత్సరమంతా అతని కేక ఒకటే: టమాటా, వంకాయ, బెండకాయ. అన్నీ పేర్లే, క్రియ ఉండదు. ఏప్రిల్‌లో ఒక ఉదయం మాత్రం కేక మారుతుంది: "వచ్చాయమ్మా ఆవకాయ కాయలు!" ఆ రోజు ముందు వినిపించేది క్రియ. నేను చాలా ఏళ్లు దీన్ని విన్నాను గానీ ఆలోచించలేదు. పద్యం చెప్పడం మొదలుపెట్టాక అర్థమైంది. వంకాయల కోసం ఎవరూ ఎదురుచూడరు, అందుకని ఏమున్నాయో చెబితే చాలు. ఆవకాయ కాయల సంగతి అలా కాదు. ఆవాలు తెచ్చి, కారం కొట్టించి, జాడీలు కడిగి ఎండబెట్టి, ఇల్లిల్లూ వాటి కోసమే చూస్తోంది. కాయలన్న మాట వినేవారి మనసులో ముందే ఉంది. తెలియనిదల్లా వచ్చాయా లేదా అన్నదే. అందుకే "వచ్చాయి" ముందు దూకుతుంది. "కాయలు" దాని వెనక తోకలా వస్తుంది.

ఇదే కిటుకు మొల్ల రామాయణంలో ఉంది. లంక నుంచి తిరిగివచ్చిన హనుమంతుడు రాముడితో చెప్పే పద్యం "కంటిన్ జానకిఁ బూర్ణచంద్రవదనన్" అని మొదలవుతుంది. వాల్మీకిలోనూ హనుమంతుడు తెచ్చిన కబురులో మొదటి మాట "దృష్టా", అంటే "చూడబడింది"; ఆ తర్వాతే దేవి. ప్రవచనాలు చెప్పేవారు దీన్ని చక్కగా విడమరుస్తారు: "సీతను" అని మొదలుపెడితే, ఆ తర్వాత "చూశాను" వస్తుందో "చూడలేదు" వస్తుందో అని రాముడి గుండె ఆ ఒక్క క్షణం ఆగిపోతుంది, ఆ క్షణం కూడా లేకుండా చేశాడు హనుమంతుడు అని. రాముడి మనసులో సీత ముందే ఉంది. ఆయనకు తెలియనిది క్రియ ఒక్కటే.

ఇది ఛందస్సు కోసం జరిగిందని ఎవరైనా అనవచ్చు. పద్యం దగ్గరగా చూడండి. అది శార్దూలం, మగణంతో మొదలుకావాలి, అంటే మొదటి మూడు అక్షరాలూ గురువులే. "జానకిఁ గంటిన్" అని మొదలుపెడితే గణం చెడుతుంది, నిజమే. కానీ శార్దూలాన్ని ఎంచుకున్నది కవయిత్రే. పైగా ఆమె "కంటిన్" ఒక్కసారి వాడి ఊరుకోలేదు, నాలుగు పాదాలూ ఆ మాటతోనే మొదలవుతాయి. రెండో అక్షరం అన్ని పాదాల్లోనూ ఒకటే కావాలన్న ప్రాస నియమాన్ని ఆ ఒక్క మాటే నాలుగుసార్లూ తీరుస్తుంది. నియమం సంకెల కాకుండా ఆమెకు పనిముట్టయింది. నాకు అంతకన్నా ఇష్టమైనది నాలుగో పాదం. మూడో పాదం చివర "కీర్తులన్" అని ఆగుతుంది; నాలుగో పాదం మొదట "గంటిన్ మా కపివీర బృందములలో" అని అందుకుంటుంది. మొదటి మూడు పాదాల్లో క్రియ ముందు, కర్మ వెనక. నాలుగోసారి "కీర్తులం గంటిన్" అని కర్మ ముందు, క్రియ వెనక. పాదం మొదట్లో క్రియ అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది, వాక్యం మాత్రం మామూలు వరసకు వచ్చేసింది. జానకి కబురు చెప్పేటప్పుడు ఉన్న తొందర, తోటి కోతిమూకలో తనకు దక్కిన కీర్తి గురించి చెప్పేటప్పుడు ఉండనక్కర లేదు. పైకి చదివి చూడండి, ఊపిరి కుదుటపడటం వినిపిస్తుంది.

ఇక మీరు తప్పక తెలుసుకోవలసిన ఒక తేడా. దిద్దుబాటులో నేను ఎక్కువగా పట్టుకున్న పొరపాటు ఇదే. "వచ్చాడు రాముడు", "వచ్చింది రాముడు": రెంటిలోనూ రాముడు చివరికి వెళ్లాడు. పైకి రెండూ ఒకే రకం తిరుగుడులా కనిపిస్తాయి. కానీ బరువు రెంటిలో రెండు చోట్ల పడుతుంది. మొదటిదాంట్లో బరువు క్రియ మీద. రాముడు వస్తాడా రాడా అని ఎదురుచూస్తున్నాం, వచ్చాడు. రెండోదాంట్లో ఎవరో వచ్చారని ముందే తెలుసు, ఆ వచ్చినది ఎవరన్నదే కబురు. "వచ్చినది" అన్న మాటే "వచ్చింది"గా మారింది కాబట్టి మగవాడి గురించి చెబుతున్నా క్రియ అమహత్తు రూపంలో, అంటే స్త్రీలకు, వస్తువులకు వాడే రూపంలో ఉంటుంది. అప్పుడు బరువంతా చివరి మాట మీద. హనుమంతుడు లంకలో మొదట మండోదరిని చూసి సీత అనుకుని పొరబడ్డాడు. ఆ సంగతి తెలిసినవారు ఎవరైనా "నువ్వు చూసింది ఎవరిని?" అని నిలదీస్తే, అప్పుడు జవాబు "నేను చూసింది సీతనే" అవుతుంది. రాముడు అడగకుండా అడిగిన ప్రశ్న అది కాదు.

స్త్రీల విషయంలో ఈ రెండూ పైకి ఒకేలా ఉంటాయి. "ఫోను చేసింది అమ్మ" అన్న వాక్యం "చేసింది, ఎట్టకేలకు" అన్న అర్థంలోనూ చదవవచ్చు, "చేసినది మరెవరో కాదు, అమ్మ" అన్న అర్థంలోనూ చదవవచ్చు. మాట్లాడేటప్పుడు గొంతు తేల్చేస్తుంది. రాతలో గొంతు లేదు కనుక "అమ్మే" అని ఏకారం పెట్టడమో, ముందు వాక్యంలో ఆ ఎదురుచూపును చూపించడమో చేయాలి.

మూడో రకం కూడా ఉంది, విరామంతో వచ్చేది. "వచ్చాడు, రాత్రి రెండింటికి." ఇక్కడ క్రియ తర్వాతిది తోక కాదు, మరో ఊపిరిలో తగిలించిన కొత్త కబురు. ఆ కామా తీసేస్తే వాక్యం చప్పబడిపోతుంది. ఇంట్లో అమ్మ "ఎక్కడికి బయలుదేరావు ఈ ఎండలో?" అంటే "ఈ ఎండలో" కొత్త సంగతి కాదు, ఎండ ఇద్దరికీ కనిపిస్తూనే ఉంది. అది చివరికి జారి మందలింపు అయింది. "ఈ ఎండలో ఎక్కడికి బయలుదేరావు?" అన్న మామూలు వరసలో ప్రశ్నకే బరువు దక్కి మందలింపు పలచబడుతుంది. అలాగే గుమ్మంలో నిలబడ్డ కొత్త మనిషిని "మీరు ఎవరు?" అంటే పరిచయం అడిగినట్టు ఉంటుంది, "ఎవరు మీరు?" అంటే అనుమానించినట్టు ఉంటుంది. మాటలు అవే, గౌరవవాచకమూ అదే.

క్రియ లేని వాక్యాల్లోనూ వరస పని చేస్తుంది. మెట్రో రైల్లో పక్కవారిని "తర్వాతి స్టేషను ఏది?" అని అడిగితే "తర్వాతి స్టేషను అమీర్‌పేట" అంటారు. "అమీర్‌పేట ఎక్కడ?" అంటే "అమీర్‌పేట తర్వాతి స్టేషను" అంటారు. తెలిసినది ముందు, తెలియజేసేది వెనక. శాస్త్రంలో వీటినే ఉద్దేశ్యం, విధేయం అన్నారు, ఉద్దేశ్యం చెప్పకుండా విధేయం చెప్పకూడదన్నారు. దాన్ని తప్పితే విధేయాంశం సరిగా కనబడని దోషమని కావ్యప్రకాశం రాసిన మమ్మటుడు 11వ శతాబ్దిలో లెక్కవేశాడు. అందుకు ఉదాహరణగా చూపినది రావణుడి నోటి శ్లోకం: "న్యక్కారో హ్యయమేవ మే యదరయః". నాకు శత్రువులంటూ ఉండటమే అవమానమని దాని భావం. నియమం ప్రకారం "ఇదే" అన్నది ముందు రావాలి, "అవమానం" తర్వాత రావాలి. రావణుడు "అవమానం" అనే మొదలుపెట్టాడు. తమాషా ఏమిటంటే, అంతకు రెండు శతాబ్దాల ముందు ధ్వన్యాలోకం రాసిన ఆనందవర్ధనుడు ఇదే శ్లోకాన్ని అడుగడుగునా ధ్వని, అంటే మాటల వెనక స్ఫురించే అర్థం, పలికే కావ్యానికి ఉదాహరణగా ఎత్తి చూపాడు. 14వ శతాబ్దిలో సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు ఈ ముడిని పట్టుకుని, దోషం లేనిదే కావ్యమంటే ఇంత గొప్ప శ్లోకం కావ్యం కాకుండా పోతుందే అని మమ్మటుడి నిర్వచనాన్నే ప్రశ్నించాడు. నా మనసు రావణుడి పక్షమే. లంక కాలిపోయి, కొడుకులు, తమ్ముళ్లు కూలిపోతుంటే మండిపడుతున్నవాడికి ముందు నోటికి వచ్చేది అవమానమే, ఉద్దేశ్య విధేయాల వరస కాదు. మీ ప్రశ్నకు ఇంతకన్నా పాత జవాబు, ఇంతకన్నా మంచి జవాబు నాకు తెలియదు: ఒకే తిరుగుడు, మాట్లాడేవాడి మనస్థితి లోపల ఉన్నప్పుడు ధ్వని, లేనప్పుడు దోషం.

పత్రికల్లో చేయి తిరిగినవారు కూడా ఇక్కడ జారిపడతారు. శీర్షికల్లో "వంతెన కూలింది" అనడం కన్నా "కూలిన వంతెన" అనడం మనకు అలవాటు. క్రియ విశేషణమై ముందుకు వెళ్తుంది, పేరు చివర నిలుస్తుంది. ఉద్యోగంలో కొత్తలో ఒక రాత్రి నేను "లారీని ఢీకొట్టిన బస్సు" అన్న శీర్షికలో చోటు చాలక "ని" తీసేశాను. "లారీ ఢీకొట్టిన బస్సు" అని అచ్చయింది. తప్పు బస్సుదైతే, నా శీర్షిక లారీ మీద వేసింది. మర్నాడు లారీ డ్రైవరు తమ్ముడు పత్రిక కాగితం మడిచి పట్టుకుని ఆఫీసుకు వచ్చాడు. కేకలు వేయలేదు, ఆ శీర్షిక మీద వేలు పెట్టి "ఇది చదవండి సార్" అని మాత్రం అన్నాడు. ఆ వేలు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. వరస తిప్పినప్పుడు విభక్తిని వదులుకోకూడదన్న పాఠం వ్యాకరణ పుస్తకంలో కాదు, అక్కడ నేర్చుకున్నాను. మామూలు వరసలో "బస్సు లారీ ఢీకొట్టింది" అన్నా సందర్భం ఎంతో కొంత ఆదుకుంటుంది. తిరిగిన వరసలో ఆ "ను", "ని", "కి" తప్ప పాఠకుడికి మరో ఆధారం లేదు.

సామెతలు కూడా ఒకసారి చెవిపెట్టి వినండి. "తింటే గారెలు తినాలి, వింటే భారతం వినాలి." క్రియ ముందుకు వచ్చింది, కానీ తన చోటు ఖాళీ చేయలేదు, చివర మళ్లీ వచ్చి కూర్చుంది. ముందు "తింటే" అని విషయం ఎత్తి, తర్వాత "తినాలి" అని తేల్చడం. తెలుగు వాక్యానికి చివర క్రియ అంటే ఎంత మమకారమో ఇక్కడ తెలుస్తుంది. వేమన మకుటం దీనికి ఎదురు. "వినుర వేమ" అన్నప్పుడు పిలుపు కన్నా ముందు ఆజ్ఞ వచ్చింది. "వేమా, వినురా" అని ఉంటే అది పద్యం చెప్పబోయేముందు పిలిచినట్టు ఉండేది. పద్యం చెప్పడం అయిపోయింది, ఇక మనసుకు పట్టించుకోమనడమే మిగిలింది, అందుకే "వినుర" ముందు. ఇది నా ఊహ, ఒప్పుకోకపోయినా ఇబ్బంది లేదు.

తిప్పకపోవడంలో ఉన్న బలం కూడా మరవకండి. పోతన "అల వైకుంఠపురంబులో" పద్యం మన పెద్దవాళ్లకు నోటికి వచ్చు. పురం, అందులో నగరు, అందులో మూల సౌధం, దాని దగ్గర మందారవనం, అందులో కొలను, ఒడ్డున పాన్పు, ఆ పాన్పు మీద విష్ణువు. ఇన్ని గుమ్మాలు దాటాక గాని ఏనుగు మొర ఆయన చెవిన పడదు, క్రియ కోసం మనం ఊపిరి బిగబట్టవలసిందే. క్రియ చివర రావడమనే మామూలు సంగతే అక్కడ ఉత్కంఠకు ఆధారమైంది. మొల్ల హనుమంతుడికి తొందర ఉంది, వాక్యం తిరిగింది. పోతన మనల్ని నిలబెట్టి ఉంచాలనుకున్నాడు, తిరగలేదు.

ఇప్పుడు మీ పేరా. ప్రతి వాక్యాన్నీ పట్టుకుని, ఇది ఏ ప్రశ్నకు జవాబు అని అడగండి. "కురుస్తోంది వాన": వాన కురుస్తుందా లేదా అని ఎవరూ అడగలేదు, కథ అప్పుడే మొదలైంది. కాబట్టి "వాన కురుస్తోంది" చాలు. నేనైతే "సాయంత్రం నుంచి వాన" అని ఊరుకుంటాను. "తడుస్తోంది నగరం" అక్కరలేదు, వానలో నగరం తడవక ఏం చేస్తుంది. "ఆగాయి బస్సులు" వాక్యానికి వివరం కావాలి, తిరుగుడు కాదు: ఏ ప్లాట్‌ఫారంలో, ఏ ఊరి బస్సులు, ఎంతసేపటి నుంచి ఆగాయో చెప్పండి. "మిగిలాను నేను" దగ్గర మీకు కావలసింది రెండో రకం. అందరూ వెళ్లిపోయారు, ఎవరో ఒకరు మిగిలారు, ఆ మిగిలింది ఎవరు అన్నదే కబురు. కాబట్టి "మిగిలింది నేనే." ఈ ఒక్కటి మాత్రం తిప్పి రాయండి, మిగతావి నిటారుగా ఉంచండి. నాలుగూ వరసగా తిప్పితే పాఠకుడి చెవికి అదే మామూలు వరస అయిపోతుంది, తిప్పినట్టే ఉండదు.

కథ చివర మీరు "నాన్న బస్సు దిగాడు" అని రాశారు. మూడు పేజీల పాటు ఆ అమ్మాయి ప్రతి బస్సు తలుపు దగ్గరికీ పరుగెత్తింది, ప్రతిసారీ వేరే మొహం చూసి వెనక్కి వచ్చింది. నాన్న ఆమె మనసులోనూ ఉన్నాడు, నా మనసులోనూ ఉన్నాడు. నేను చదువుతూ వెతుకుతున్నది ఒక్క క్రియ కోసమే. అక్కడ "బస్సు" కూడా తీసేసి, "దిగాడు నాన్న" అని రాయండి.